మెట్ల కింది వరుస

లెనిక్, 14 ఏప్రిల్ 1986, సోమవారం

ఈరోజు పనులు: తెల్లబట్టలు రెండు వాయిలు. రెమీ చొక్కాలు నాలుగు, ఇస్త్రీ. కుందేళ్ల గూళ్లు కడగడం. బంగాళాదుంపలు మూడు సాళ్లు వేయడం. నాన్న ఇంటి నేలమాళిగలో సీసాలు లెక్కపెట్టడం. ముప్పై ఆరు తక్కువ.

యోరిస్,

పైన రాసింది నా లెక్కల పుస్తకంలో ఉండాల్సింది. పొరపాటున ఈ కాగితం మీద రాసేశాను. ఉండనీ. నీ అక్క పనులన్నీ మానేసి నీమీద పళ్లు నూరుతూ కూర్చోలేదని నీకు తెలియడం మంచిదే.

నిన్న మేం చర్చికి వెళ్లిన గంటలో నువ్వొచ్చావు. నాన్న ఇంటి తాళం తీశావు. మెట్ల కింది వరుస మొత్తం కారులోకి ఎక్కించుకుని పోయావు. పక్కింటి ఓర్టాన్స్ కిటికీలోంచి అంతా చూసింది. "చేతికి రెండేసి సీసాలు మెడ పట్టుకుని, ముల్లంగి కట్టలు మోసినట్టు మోశాడు మీ తమ్ముడు. పెట్టెల్లో నిలబెట్టాడు కూడా" అని చెప్పింది. దొంగతనం సంగతి తర్వాత. ముందు ఈ నిలబెట్టడం సంగతి చెప్పు. ప్రతి సీసా మీదా నాన్న సున్నంతో ఒక గీత గీసింది ఎందుకు? ఎక్కడికి కదిపినా ఆ గీత పైకే ఉండేలా పడుకోబెట్టాలని. ఇరవై నాలుగేళ్ల మడ్డి ఒక పక్కనే పేరుకుని ఉంటుంది, కదిపితే చేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలిసిన విషయం.

ఇక దొంగతనం. అవి నా కూతురు వీర్ల సీసాలు. అది పుట్టిన ఏడు నాన్న పాత కొత్త పీపాల బీరు కలిపి, దాని పెళ్లికని ముప్పై ఆరు సీసాలు పట్టి పెట్టాడు. సెప్టెంబరు ఆరున పెళ్లి. నా కూతురి పెళ్లి బల్ల మీద మా నాన్న చేసిన గ్యోజ్ బీరు ఉండాలి. కొట్లో దొరికేది కాదు. దానితో పాటు పుట్టి, దానితో పాటు పెరిగింది ఉండాలి. మనవాళ్లు బీరు దాచేది ఇందుకే. నాన్న లేడు, ఆయన తరఫున బల్ల మీద ఉండాల్సినవి అవే.

నెలాఖరుకి ఇల్లు కొన్నవాళ్లకి తాళాలిచ్చేయాలి. ఆలోపు సీసాలు తెచ్చి మా నేలమాళిగలో పెట్టు. పడుకోబెట్టి తీసుకురా.

లెక్క తప్పని నీ అక్క,
గోడెలీవ్


ఊస్టెండ, 20 ఏప్రిల్ 1986

అక్కా,

తండ్రి పోయి మూడు నెలలు కాలేదు, తమ్ముణ్ని దొంగని చేశావు. ఓర్టాన్స్ సాక్ష్యం మీద. ఆవిడ చూపు ఎంత బాగుంటుందో నీకు తెలుసు, కిందటేడు పోస్టుమాన్‌ని బిషప్ అనుకుని మోకాలు వంచింది.

అవి వీర్లవి కావు. అమ్మవి. ఏడేళ్ల కింద నాన్నకి డెబ్బై నిండిన వేసవిలో ఆయనా నేనూ ఆ మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు: "ఈ మెట్ల కిందివి మీ అమ్మ ఆఖరిసారి చేతులు పెట్టినవి. నేను పోయాక నువ్వు తీసుకో." తీసుకున్నాను. తాళంచెవి నాది, మాట నాన్నది. నీ అనుమతి చీటీ తెచ్చుకోవాలా?

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. అమ్మ పోయిన ఏడు, వసంతంలో నువ్వు ఆ ఇంటి గడప తొక్కలేదు. రెమీ బావతో పెళ్లికి అమ్మ ఒప్పుకోలేదని అలిగి వెళ్లావు. నవంబరులో శవపేటిక దగ్గరికి వచ్చావు. మధ్యలో ఆ ఇంట్లో ఏం జరిగిందో నీ లెక్కల పుస్తకంలో ఉండదు.

ఇంకో సంగతి. ముప్పై ఆరు సీసాలూ పెళ్లివారికి ఒక్క పూటలో పోసేస్తావా? పెళ్లికొడుకు తండ్రి పిల్స్ బీరు తప్ప ముట్టడని నువ్వే అన్నావు. పాత బీరు అలా తాగేది కాదు. ఏడాదికొకటి తీసి, కూర్చుని, నిరుటికీ ఇప్పటికీ ఏం మారిందో చూసుకోవాలి. మారుతుంది కాబట్టే దాస్తారు. నువ్వు మాత్రం వెండి చెంచాల్లా దాస్తావు.

నా ఫ్లాటుకి నేలమాళిగ లేదు, నిజమే. ఉత్తరపు గోడ వైపు సామాన్ల గదిలో పెట్టాను. చల్లగానే ఉంటుంది.

యోరిస్


లెనిక్, 27 ఏప్రిల్ 1986

యోరిస్,

గడప మాట రాసినందుకు నీకు సంతోషమేనా? ఇరవై ఏడేళ్లుగా ఆ మాట నేను రోజూ అనుకుంటూనే ఉన్నాను. తపాలా బిళ్ల అంటించి పంపక్కర్లేదు.

అమ్మ వరుస అనేది లేదు. ఆ ఏడు అమ్మకి లేచి కూర్చునే ఓపికే లేదని అందరికీ తెలుసు. మంచం మీదున్న మనిషి నేలమాళిగలోకి దిగి బిరడాలు కొట్టిందా? నువ్వు పిల్లలకి చరిత్ర పాఠం చెప్పేటప్పుడు కూడా ఇలాగే కల్పిస్తావా?

ఆ నేలమాళిగ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు. ఎనభై మూడు సెప్టెంబరులో నాన్నకి మొదటిసారి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉంటే, పదకొండు రోజులు నేనొక్కదాన్నే అది శుభ్రం చేశాను. సీసాలన్నీ పెరట్లోకి మోశాను. బూజు కడిగాను. గోడలకీ దూలాలకీ సున్నం వేశాను. కడిగేముందు ప్రతి సీసాకీ పైవైపు ఏదో తెలిసేలా సుద్దతో గుర్తు పెట్టుకుని, కడిగాక అక్కడే కొత్త గీత గీశాను. ఒక్కటి కూడా పక్కకి ఒరగలేదు. ఎవరైనా మెచ్చుకున్నారా? నాన్న ఇంటికొచ్చి కిందికి దిగి చూసి, గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సాలెగూళ్లు పోయాయని బాధేమో అనుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ల పైన ప్రతి ఆదివారం ఆయన మా బల్ల దగ్గరే తిన్నాడు. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. మాంసం నేనే ముక్కలు చేసి పెట్టేదాన్ని, మూతి నేనే తుడిచేదాన్ని. నువ్వు క్రిస్మసుకీ ఈస్టరుకీ వచ్చి, పువ్వులిచ్చి, రైలు టైమైందని లేచేవాడివి.

వీర్లకి చెప్పాను. ఏడవలేదు. "మామయ్య పెళ్లికి రాకపోయినా పర్వాలేదు, సీసాలు రావాలి" అంది. నా కూతురే.

నాన్న కోటు నీకు పార్సిల్ పంపి రెండు నెలలైంది. అందిందని ఒక్క ముక్క రాయలేదు.

గోడెలీవ్


ఊస్టెండ, 11 మే 1986

గోడెలీవ్,

అక్కా అని పిలవను.

కోటు అందింది. తలుపు వెనక తగిలించి ఉంది. ముట్టుకోవాలనిపించలేదు.

నిన్న నాన్న పుట్టినరోజు. ఒక సీసా తీశాను. బిరడా పక్కవైపు నాన్న కాల్చి వేసిన సంవత్సరం అరవై రెండు. అడుగున ఏమీ లేదు. అప్పుడర్థమైంది.

కల్పించానన్నావు కదా, విను. నాకు పందొమ్మిదేళ్లు. అమ్మ మంచం వంటింట్లోకి మార్చిన ఏప్రిల్ అది. ఆవిడ నేలమాళిగలోకి దిగలేదు. బిరడాలే ఆవిడ దగ్గరికొచ్చాయి. ఒళ్లో పళ్లెం పెట్టుకుని, అల్లికసూది పొయ్యిలో ఎర్రగా కాల్చి, ఒక్కో బిరడా అడుగున మూడు చుక్కలు పెట్టింది, ముక్కోణంగా. మన ముగ్గురం అంది. నాన్ననా, నిన్నా, నన్నా, లేక తననా, నేనడగలేదు. సూది చల్లబడ్డప్పుడల్లా నేనే కాల్చి ఇచ్చాను. ఇరవై బిరడాలకి అలిసిపోయింది. ఆ ఇరవై నాన్న కిందికి పట్టుకెళ్లి కొట్టాడు.

కారులోకి ఎక్కిస్తున్నప్పుడే ఇరవై దాటింది. లెక్క మర్చిపోయానేమో అనుకున్నాను. మర్చిపోలేదు. నీ పదకొండు రోజుల శుభ్రంలో నువ్వు వరుసలు మార్చేశావు. అమ్మవి ఎక్కడ పెట్టావు?

వీర్లవి ముప్పై అయిదు నా దగ్గరున్నాయి. అమ్మవి ఇరవై వచ్చేదాకా ఒక్కటీ కదలదు.

నేను తీసింది బాగుంది, అది కూడా రాస్తున్నాను. పులుపు పదును మెత్తబడింది. పాత యాపిల్, తడి గడ్డి, ఆ మెట్ల గోడ వాసన. నీమీద ఎంత కోపంగా ఉన్నా సీసా మొత్తం ఒక్కణ్నే తాగాను.

యోరిస్


లెనిక్, 15 మే 1986

యోరిస్,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి, పక్కన నా పుస్తకం తెరిచి ఇది రాస్తున్నాను. చదువుకో.

దూలం మీద నాన్న సుద్దతో రాసిన అంకెలు, సున్నం వేసేముందు నేను దింపుకున్నవి. డెబ్బై నాలుగో ఏటివి, నలభై సీసాలు. అవి నాన్న ఎనభై అయిదు క్రిస్మసు లోపల ఊళ్లో పంచేశాడు. అరవై రెండు, ముప్పై ఆరు. అవి వీర్లవి. మెట్ల కింద బాగా చల్లగా ఉంటుందని అక్కడికి మార్చాను. మార్చిన మాట నిజమే. తల్లిగా నా ఇష్టం. మెట్ల కింద అంతకుముందున్నవి యాభై తొమ్మిది, ఇరవై సీసాలు. నాన్న తన కఫే మూసేనాటికి అమ్ముడుపోక మిగిలిన సరుకు. వాటిని మా వంటింటికి తెచ్చుకున్నాను.

ఇరవై అనగానే నీ కళ్లు మెరుస్తాయి. అవి కఫే సీసాలు. కుందేలు కూరలోకి వాడాను. కుందేలుకి ఒక సీసా, ఉల్లిపాయలు, ఎండు ఆలుబుఖారా, ఆవపిండి పూసిన రొట్టె ముక్క. నాన్న వేరే ఏది పెట్టినా సగం వదిలేసేవాడు, ఇది మాత్రం పళ్లెం ముందుకు తోసి రెండోసారి అడిగి తినేవాడు. పదిహేడు వాడాను. మూడున్నాయి.

నమ్మకపోతే ఆ కోటు జేబుల్లో చెయ్యి పెట్టు. నేను సీసా తీసినప్పుడల్లా నాన్న బిరడా పట్టుకుపోయి జేబులో వేసుకునేవాడు. పసిపిల్లాడిలా తయారయ్యాడని తిట్టేదాన్ని. ఖాళీ చెయ్యకుండానే పంపాను. చూసుకో. కఫే బిరడాలు. చుక్కలూ లేవు, ముక్కోణాలూ లేవు. చూశాక నాకు క్షమాపణ రాయి.

గోడెలీవ్


ఊస్టెండ, 22 మే 1986

అక్కా,

చూశాను. మంచం మీద పోశాను. పదిహేడు. అన్నిటికీ అడుగున మూడు చుక్కలున్నాయి. నల్లబడిపోయాయి. గోటితో రాస్తే తగులుతాయి. ఒకటి ఇందులో పెట్టాను. కిటికీ దగ్గర చూడు.

క్షమాపణ అడిగావు. నేనడగాలా, నువ్వడగాలా, రెండు రోజులుగా తేలడం లేదు. నీమీద కోపం మాత్రం పోలేదు, అబద్ధమాడను.

ఒక్కటి గుర్తొస్తోంది. జనవరిలో ఆసుపత్రిలో నాన్న చెవిలో అడిగాను, మెట్ల కిందివి నేను తీసుకెళ్లనా అని. తల అడ్డంగా ఊపాడు. అలసిపోయాడనుకున్నాను.

నాన్న ఆ పదిహేడు ఆదివారాలు ఏం తిన్నాడో నేను రుచి చూడలేదు. మూడున్నాయన్నావు. ఒకటి తీసి కుందేలు వండు. వస్తాను.

యోరిస్


లెనిక్, 1 జూన్ 1986

యోరిస్,

బిరడా అందింది. కిటికీ దగ్గర చూశాను. రెమీ భూతద్దం తెస్తానన్నాడు, అక్కర్లేదన్నాను.

మొదటిసారి వండింది 1983 అక్టోబరు 16న. పుస్తకంలో ఉంది: "కుందేలు 1, యాభై తొమ్మిది సీసా 1. నాన్న పళ్లెం రొట్టెతో తుడిచాడు." పుస్తకంలో లేనిది ఇప్పుడు రాస్తున్నాను. బీరు కుండలో పోసేశాక బిరడా బల్ల మీద పెట్టాను. నాన్న ఎడమచేత్తో తీసి తిరగేశాడు. కుర్చీలోంచి లేవబోయాడు. ఏదో శబ్దం చేశాడు, రెండుసార్లు, మూడుసార్లు. ఆవపిండి సీసా కావాలేమో అనుకుని తెచ్చి ముందు పెట్టాను. ఆ సీసా వైపు చూశాడు, నా వైపు చూశాడు, కూర్చున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు. నేను సీసా తీసినప్పుడల్లా అరచెయ్యి చాపేవాడు. నేను బిరడా ఇచ్చేదాన్ని, మురికి జేబులని తిట్టేదాన్ని.

ఇన్నాళ్లూ నీమీద అరిచాను. ఇప్పుడు ఆయన మీద అరవాలనుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది కదా. కుండ కిందికి తోసెయ్యొచ్చు. సీసా పగలగొట్టొచ్చు. మిగతావైనా దక్కేవి. ఇంకో పదహారు మిగిలేవి, కనీసం పది మిగిలేవి. పదిహేడుసార్లు నా చేతులతో నా చేతే వండించుకుని, రెండోసారి అడిగి మరీ తిన్నాడు. ఏం మనిషి? నాకు తెలిస్తే నేను తట్టుకోలేననుకున్నాడా? ఇప్పుడు తట్టుకుంటున్నాను చూడు. మూడు రోజులుగా వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తున్నాయని రెమీ తోటలోనే ఉంటున్నాడు.

ఆ సున్నం, ఆ పదకొండు రోజులు. నేను పని సరిగ్గా చేశాను యోరిస్. ఒక్క గీత పక్కకి పోలేదు.

నీకు పదిహేడు సీసాలు బాకీ. ఏ కొట్లోనూ దొరకవు. పుస్తకంలో ఎడమవైపు రాశాను, జమ రాసే కుడివైపు ఖాళీగా ఉంది.

పెళ్లి మర్నాడు ఆదివారం. ఆ రోజు వండుతాను. వీర్లవి తెస్తావో తేవో నీ ఇష్టం. బేరం పెట్టే మొహం నాకు లేదు.

అక్క


లెనిక్, 8 సెప్టెంబరు 1986, సోమవారం

ఈరోజు పనులు: బల్లగుడ్డలు ఇరవై రెండు ఉతికి ఆరేశాను. అద్దెకు తెచ్చిన గ్లాసులు తుడిచి పంపాను, రెండు పగిలాయి. కుందేలు కుండ నానబెట్టి తోమాను. పుస్తకం సరిచేశాను.

తమ్ముడూ,

నువ్వు నిన్న సాయంత్రమే వెళ్లావు. అయినా నోటితో చెప్పనివి ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

శనివారం నీ కారు మా వీధిలోకి శవయాత్ర బండిలా వచ్చినప్పుడు నవ్వొచ్చింది. ఊస్టెండ నుంచి నలభై దాటకుండా నడిపావట, లారీలన్నీ హారన్లు కొట్టాయట. వెనక తలుపు తీసి చూశాను. పరుపు మీద ముప్పై అయిదు, అన్నీ గీత పైకి. నేను లెక్కపెడుతుంటే నువ్వు అటు తిరిగి నిలబడ్డావు. మొదటిరోజు నిలబెట్టినవి ఇంటికెళ్లగానే పడుకోబెట్టానని అప్పుడు చెప్పావు. ఏప్రిల్లోనే చెప్పి ఉంటే నా ఉత్తరం సగమయ్యేది.

రెండు చప్పబడ్డాయి, ఒకటి వెనిగరైంది, మిగతావి నిలిచాయి. పిల్స్ తప్ప ముట్టని వియ్యంకుడు మూడో గ్లాసు అడగడం నువ్వూ చూశావు. వీర్ల తన మొదటి గ్లాసు తాతయ్య ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. అది ఎవరూ నేర్పలేదు.

ఇక నిన్నటి సంగతి. నేను కుండలో బీరు పోస్తుంటే నువ్వు పక్కనే నిలబడి బిరడా తిరగేశావు. అప్పుడు చెప్పావు, కుండలోకి చూస్తూ: "అక్కా, నాన్న మాట నేను సగమే రాశాను. సగం అక్కకివ్వు అన్నాడు. అమ్మ ఆ పళ్లెంలో బిరడాలు లెక్కపెట్టి, పది నీకు, పది దానికి, అది వస్తుంది అంది."

మూత పెట్టి, మంట తగ్గించి, బంగాళాదుంపలు చెక్కాను. ఇరవై ఏడేళ్లు ఆ మాట నోట్లో పెట్టుకుని తిరిగావు. ఏప్రిల్లో అంత పెద్ద ఉత్తరం రాసి, గడప మాట రాసి, ఈ ఒక్కటీ వదిలేశావు. నిన్ను ఆ గరిటెతో కొట్టాలనిపించింది. తర్వాత నువ్వు పళ్లెం రొట్టెతో తుడుస్తుంటే, తల వంచుకుని, అచ్చం ఆయనలా, కొట్టలేదు. అంతే. క్షమించానని అనుకోకు, వచ్చే ఆదివారం కూడా రా.

పుస్తకం ఇలా సరిచేశాను. చదివి తప్పుంటే చెప్పు.

అమ్మ సీసాలు ఇరవై. నావి పది: నేను వండాను, నాన్న తిన్నాడు. నీవి పది: ఏడు నేను వండాను, నాన్న తిన్నాడు. ఒకటి నిన్న నువ్వు తిన్నావు. రెండున్నాయి. ఒకటి మీ ఇంటికి పట్టుకెళ్లావు. రెండోది మా నేలమాళిగలో మెట్ల కింద పడుకోబెట్టి వెళ్లావు, గీత పైకి.

నువ్వు తాగిన వీర్ల సీసా ఒకటి: పెళ్లికొచ్చావు కాబట్టి కొట్టేశాను.

నీకు నా బాకీ ఏడు. కుర్చీలోంచి లేస్తూ "ఆ ఏడూ నాన్నకి నేనే పెట్టాననుకో" అన్నావు కదా, ఆ మాట ప్రకారం నాన్న పేరున రాశాను. చెల్లు.

గోడెలీవ్